అసలుతో సరిచూడడమైనది

ఢిల్లీ నుంచి చెక్కపెట్టె వచ్చిన రోజున భ్రమరాంబ మధ్యాహ్నం భోజనం మానేసింది. అలిగి కాదు, ఆ రోజు ఉపవాసమూ కాదు. పెట్టె విప్పేటప్పుడు వేళ్లకు నూనె జిడ్డు ఉంటుందేమోనని భయం.

ఆవిడ జిల్లా కళాభవనానికి క్యూరేటరు. ఉద్యోగంలో చేరిన ఇరవయ్యేళ్లలో ఆ భవనంలో చాలా జరిగాయి. పూలమొక్కల ప్రదర్శన జరిగింది, పెంపుడు కుక్కల పోటీ జరిగింది, దోమల నివారణ పోస్టర్లు ఏటా గోడలెక్కి దిగుతూనే ఉన్నాయి, పట్టుచీరల తగ్గింపు అమ్మకం మాత్రం ఏడాదిలో సగం రోజులు నడుస్తూనే ఉంటుంది. జరగనిదల్లా కళ ఒక్కటే. అచ్చుచిత్రాల విద్యలో పట్టా పుచ్చుకుని వచ్చిన మనిషి ఇరవయ్యేళ్లుగా కుక్కల మెడలో బహుమతుల రిబ్బన్లు కట్టిస్తూ వచ్చింది.

ఇన్నాళ్లకు ఢిల్లీలో ఎవరికో పుణ్యం కట్టుకోవాలనిపించింది. కళ బొత్తిగా సోకని జిల్లాల జాబితా ఒకటి తయారు చేసి, ఆ జిల్లాలకు విదేశీ చిత్రాలు పంపాలని అక్కడి పెద్దలు తీర్మానించారు. ఆ జాబితాలో మన జిల్లాకు మొదటి స్థానం దక్కింది. ప్రథమ స్థానం వచ్చినందుకు జిల్లా అధికారులు ఒకరినొకరు అభినందించుకుని మిఠాయిలు పంచుకున్నారు.

పెట్టెలో నలభై చిత్రాలున్నాయి. అన్నీ సన్నటి నల్లచట్రాల్లో, అద్దాల కింద. వేసినాయన పేరు యోరిస్ డెమాల్, బెల్జియం దేశస్థుడు, ఎనభై దాటిన పెద్దమనిషి. రాగిరేకు మీద సూదితో గీసి, ఆ గీతల్ని ఆసిడ్‌కు తినిపించి, సిరా పట్టించి, తడికాగితం మీద ఒత్తి తీసే చిత్రాలు. భ్రమరాంబ ఒక్కొక్కటే పైకి తీస్తూ ఒకచోట ఆగిపోయింది.

కిటికీ పక్కన ఒక ముసలావిడ కూర్చుని బంగాళాదుంపల తొక్క తీస్తోంది. గదంతా చీకటి. కిటికీలోంచి వెలుగు వచ్చి ఆవిడ చేతుల మీద, ఒళ్లో గిన్నె మీద పడుతోంది. ఆ వెలుగున్న చోట కాగితం మీద ఒక్క గీత లేదు. ఒట్టి కాగితం, అంతే. నలుపు మనం వేస్తాం గానీ వెలుగును వదిలిపెట్టాలమ్మా అని కాలేజీలో గురువుగారు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పిన మాట ఆవిడకు అప్పుడు పూర్తిగా బోధపడింది. కళ్లనీళ్లు వచ్చాయి. అద్దం మీద పడతాయేమోనని పక్కకు తిరిగి తుడుచుకుంది.

ఈ చిత్రాల కోసం ఢిల్లీవాళ్లకు ఆవిడ ఒక హామీ ఇచ్చింది. కాగితాల మీద వేలిముద్రైనా పడకుండా, ఎలా వచ్చినవి అలా తిరిగి పంపిస్తానని. డెమాల్ గారు ఆవిడకు సొంత దస్తూరీతో రెండు ముక్కలు రాశారు: “కిటికీ దగ్గరున్నది మా అమ్మ. కొంచెం జాగ్రత్తగా చూసుకోండి.” చూసుకోకపోతే ఎలా? ఆ రాత్రి ఇంటికి వెళ్లి భర్తతో, “వచ్చే నెలంతా నన్ను పలకరించకండి, నేను మనుషుల్లో ఉండను” అని చెప్పేసింది.

కళాభవనం పెత్తనం ప్రత్యేకాధికారి పరబ్రహ్మం గారిది. ఆయన సొంత ఆఫీసు కప్పు కారడం వల్ల మూడేళ్ల కిందట తాత్కాలికంగా కళాభవనం ముందు భాగంలోకి మారారు. ఆ తాత్కాలికం అలా స్థిరపడింది. కాగితాల నకళ్ల మీద ధ్రువీకరణ సంతకాలు చేయడం ఆయన ప్రధాన వృత్తి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పింఛన్లవాళ్లు, పిల్లల మార్కుల జాబితాలవాళ్లు, కులం కాగితాలవాళ్లు వసారాలో బారులు తీరి ఉంటారు. అసలు కాగితం కళ్లతో చూడనిదే పరబ్రహ్మం గారి పచ్చసిరా కలం మూత తీయరు. తన పెళ్లి శుభలేఖల్ని కూడా చిత్తుప్రతితో ఒక్కొక్కటే సరిచూసి సంతకాలు పెట్టారనీ, ఆ పని తెమిలేసరికి ముహూర్తం దాటవచ్చి సగం చుట్టాలకు పెళ్లి సంగతే తెలియలేదనీ ఆఫీసులో చెప్పుకుంటారు.

అలాంటాయన ప్రదర్శన ఏర్పాట్లు పరిశీలించడానికి హాల్లోకి వచ్చారు. చేతులు వెనక్కి కట్టుకుని ముసలావిడ చిత్రం ముందు నిలబడ్డారు. భ్రమరాంబ మురిసిపోయింది. పైఅధికారి ఒకరు ఒక చిత్రం ముందు అంతసేపు నిలబడడం ఆవిడ సర్వీసులో ఎన్నడూ చూడలేదు.

“ఈ మూల పెన్సిల్‌తో ఏదో రాశాడు. పన్నెండు బై యాభై. ఏమిటిది? మార్కులా?” అన్నారు పరబ్రహ్మం గారు.

“కాదండీ. ఆ రేకుతో మొత్తం యాభై అచ్చులు తీశారండి. ఇది అందులో పన్నెండోది.”

“యాభై తీశాడా? అంటే ఇవి కాపీలా?”

భ్రమరాంబ గబగబా తల అడ్డంగా ఊపింది. “కాపీలు కాదండీ. యాభైకి యాభైయ్యీ అసలైనవే.”

పరబ్రహ్మం గారు ఆవిడకేసి జాలిగా చూశారు. “అమ్మా, ముప్ఫయ్యేళ్లుగా చూస్తున్నాను. యాభై అసళ్లు ఉన్న కాగితం ఈ భూప్రపంచంలో లేదు. అసలు ఒకటే ఉంటుంది. మిగతావన్నీ నకళ్లే. ఆ ఒక్కటీ ఎక్కడుంది?”

“రాగిరేకు ఉండేదండి. అచ్చులు తీయడం అయిపోగానే దాని మీద అడ్డంగా గీతలు కొట్టి పాడుచేసేస్తారు. మళ్లీ ఎవరూ తీయకుండా.”

“ఓహో! సాక్ష్యాన్ని ధ్వంసం చేశాడన్నమాట!”

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అంతకు ముందు సంవత్సరం దొంగ సర్టిఫికెట్ల గొడవ ఒకటి బయటపడి, పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. “ప్రభుత్వ ప్రాంగణములలో గోడలకు తగిలించబడు నకలు ఏదైనను, అధీకృత అధికారిచే అసలుతో సరిచూడబడి, సదరు నకలుపై ముద్రయు సంతకమును వేయబడనిదే ప్రదర్శింపరాదు” అని దాని సారాంశం. రాసినవాళ్ల మనసులో ఏముందో గానీ, పరబ్రహ్మం గారు ఆ ఉత్తర్వు వచ్చిన వారానికే ఆఫీసులోని దేవుడి క్యాలెండర్లన్నిటినీ దింపించారు. వేంకటేశ్వరుడి బొమ్మ కింద ‘అసలు తిరుమలలో కలదు, చూడవలసియున్నది’ అని రాసి ఫైల్లో పెట్టుకున్నారు.

“అయితే ఏం చేద్దామంటారు సార్?” అంది భ్రమరాంబ.

“చేసేదేముంది? అద్దాలు విప్పించండి. నలభై ముద్రలు, నలభై సంతకాలు. గంటలో పని.” ఆయన మళ్లీ చిత్రం మీదికి వంగి చూశారు. ముఖం వికసించింది. “మనవాడు విషయం తెలిసినవాడేనండోయ్. కిటికీ దగ్గర స్టాంపుకి చక్కగా ఖాళీ వదిలాడు చూడండి!”

భ్రమరాంబ కళ్లు మూసుకుంది. ఆ వెలుగు మీద, ఆ తల్లి చేతుల మీద, గుండ్రటి రబ్బరుముద్రా పచ్చసిరా సంతకమూ కనిపించాయి. ఆయన మాత్రం తన ధోరణిలో తను ఉన్నారు. “ఈయన సంతకం కూడా చెల్లదు. పెన్సిల్‌తో పెడతారా ఎవరైనా? పేరు కింద హోదా లేదు. తేదీ లేదు. సరే, విదేశీయుడు కాబట్టి చూసీచూడనట్టు పోదాం.”

“వెనకవైపు వేస్తే ఎలా ఉంటుందండీ? అట్ట మీద?”

“నకలు ముందువైపు కదమ్మా ఉన్నది?”

“పోనీ అద్దం మీద వేయండి సార్. అద్దం పట్టుకెళ్లి మీ దగ్గరే ఉంచేసుకోండి.”

“అద్దాన్ని ధ్రువీకరించడానికి నాకు అధికారం లేదు,” అన్నారు పరబ్రహ్మం గారు చాలా బాధగా. ఆయన చెడ్డవాడు కాదు. అధికారం ఉంటే తప్పక చేసేవారు.

అప్పుడు భ్రమరాంబ ప్రాణానికి ఒక దారి తోచింది. “కానీ సార్, అసలు లేకుండా మీరు సంతకం పెట్టరు కదా?”

పరబ్రహ్మం గారి కలం గాల్లోనే ఆగింది. ఈ ప్రశ్నతో ఆయన శీలాన్ని పట్టుకున్నట్టయింది. “పెట్టను. కన్నతల్లి చెప్పినా పెట్టను.” కాసేపు ఆలోచించారు. “ఈ బొమ్మలో ఉన్నావిడ ఎవరు?”

“ఆయన తల్లిగారండి.”

“అయితే అసలు ఆవిడే! ఈ బొమ్మ ఆవిడకి నకలు. ఆవిణ్ణి పిలిపించండి. ఎదురుగా కూర్చోబెట్టి సరిచూస్తాను.”

“ఆవిడ పోయి నలభయ్యేళ్లయిందండి.”

“పోయినట్టు కాగితం ఉందా?” అని అలవాటు కొద్దీ అడిగేసి, ఆయనే మళ్లీ, “ఉన్నా ప్రయోజనం లేదులెండి, దానికీ అసలు చూడాలి” అని గదిలోకి వెళ్లిపోయారు.

రెండు రోజులు భ్రమరాంబ హాయిగా ఊపిరి పీల్చింది. మూడో రోజు ఆయన నుంచి కబురొచ్చింది. వెళ్లేసరికి ఆయన ముఖం వెలిగిపోతోంది.

“పోయిన తుపానుకి మన రికార్డు రూములో సగం ఫైళ్లు నానిపోయాయి, గుర్తుందా? అప్పుడేం చేశాం? ఇక్కడా అక్కడా దొరికిన నకళ్లన్నీ పోగేసి, వాటిని బట్టి అసలు ఫైలుని మళ్లీ తయారుచేశాం. పునర్నిర్మాణం! ఆ పునర్నిర్మిత అసలుతో నకళ్లు సరిచూసి సంతకాలు పెట్టాం. హైకోర్టు కూడా ఒప్పుకుంది. ఇదీ అంతే. చిత్రకారుణ్ణి పెట్టి ఈ నకళ్లు చూసి అసళ్లు వేయిస్తాం. ఆ అసళ్లతో వీటిని సరిచూసి ముద్ర వేస్తాను.”

నలభై అసళ్లు తయారుచేసే బాధ్యత మునిసిపల్ హైస్కూల్లో రిటైరైన డ్రాయింగు మాస్టారు కోటిలింగం గారికి అప్పగించారు. మాస్టారు వేసిన జాతీయ నాయకుల బొమ్మలు ఊళ్లో ప్రతి బడిలోనూ ఉన్నాయి. మీసాల్ని బట్టి ఎవరెవరో పోల్చుకోవచ్చు. అమాయకుడు, మంచివాడు. పని దొరికిందని పొంగిపోయి, హాలు పక్క గదిలో చాప పరుచుకుని, రంగుడబ్బాలు పెట్టుకుని కూర్చున్నాడు.

మొదటి రోజు సాయంత్రం భ్రమరాంబ వెళ్లి చూసింది. చూసి కంగారుపడింది. మాస్టారు గళ్లు గీసుకుని, కొలతలు వేసుకుని, ఒక పడవ చిత్రాన్ని గీతకు గీత దించేస్తున్నాడు. ఇలా దించితే అన్నీ సరిపోతాయి. సరిపోతే పచ్చసిరా పడుతుంది. కిటికీలో వెలుగు ఆరిపోతుంది.

అప్పుడే ఆవిడ ఇరవయ్యేళ్ల ప్రభుత్వ సర్వీసులో ఎన్నడూ చేయని పని ఒకటి చేసింది. బాగా పనిచేస్తున్న మనిషిని చెడగొట్టింది.

“మాస్టారూ, ఇలా గీసుకుపోతే మీ పేరేం నిలబడుతుందండీ?” అంది పక్కన కూర్చుని.

“అదేంటమ్మా, ఉన్నదున్నట్టు దించమన్నారు కదండీ?”

“అవి నకళ్లండి. మీరు వేసేది అసలు. అసలుకి నకలు ఎలా ఉందో చూసుకోవాల్సిన ఖర్మేంటి చెప్పండి? నకలే అసలులా ఉండాలి గానీ!”

కోటిలింగం మాస్టారు కుంచె కింద పెట్టాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “నాకూ అదే అనిపిస్తందమ్మా. ఈ పెద్దాయన మంచి పనోడేగానండీ, రంగు కొనుక్కోలేదు కాబోలు. అంతా నలుపే. ఇదిగో, ఈ ముసలమ్మ గారుంది. ముఖాన బొట్టు లేదు. చేతిలో అవేంటో తెలీదు. రాళ్లో, ఉల్లిపాయలో!”

“బంగాళాదుంపలండి.”

“చూశారా, మీరు చెబితేగానీ తెలీలేదు. నేనైతే వంకాయలు వేసేవాణ్ణి. వంకాయని చూసి వంకాయ కాదనేవాడు మన జిల్లాలోనే లేడండి.”

“వేయండి మాస్టారూ,” అంది భ్రమరాంబ. “మీకు నచ్చినట్టు వేయండి.” అంటూంటే ఆవిడకు సిగ్గేసింది. తన హాల్లో గోడల మీద ఏం వేలాడబోతోందో ఆవిడకు ఆ క్షణంలోనే తెలుసు. కానీ ఆ వెలుగు మీద ముద్ర పడడం చూసి ఇంటికెళ్లి అన్నం తినగలనని ఆవిడకు అనిపించలేదు. ఎవరూ చూడకపోయినా ఫరవాలేదు, శుభ్రంగా ఉంటే చాలనుకుంది. అలా అనుకోవలసి వచ్చినందుకు రాత్రి ఏడ్చింది కూడా.

మాస్టారు ఇక వెనుదిరిగి చూడలేదు. పదిహేను రోజుల్లో నలభై అసళ్లూ తయారయ్యాయి. పడవలకు తెరచాపల మీద ఎర్రచారలు వచ్చాయి. చర్చి గోపురం మీద రెండు చిలకలు వాలాయి. మంచు కురుస్తున్న వీధిలో మాస్టారు ఎండ కాయించాడు, ఆ మనుషులు చలికి ముడుచుకుపోవడం చూడలేక. ముసలావిడకు కాసంత బొట్టు, ముక్కుపుడక, జరీ అంచు చీర వచ్చాయి. కిటికీ ఖాళీగా ఉండడం బాగాలేదని అందులో సూర్యోదయం పెట్టాడు. ఒళ్లో నిగనిగలాడే వంకాయలు.

సరిచూసే రోజున పరబ్రహ్మం గారు పచ్చకలం, రబ్బరుముద్ర, సిరామెత్త తీసుకుని హాలు మధ్య కుర్చీలో కూర్చున్నారు. అటెండరు గవర్రాజు ఎడమ చేత్తో అసలు, కుడి చేత్తో నకలు ఎత్తి పట్టుకుంటాడు. భ్రమరాంబ గోడకు ఆనుకుని నిలబడింది.

“అసలులో తెరచాపపై ఎర్రచార కలదు. నకలులో?”

“లేదండి ఆయ్,” అన్నాడు గవర్రాజు.

“అసలులో చిలుకలు రెండు. నకలులో?”

“ఒక్కటీ లేదండి ఆయ్.”

ముసలావిడ దగ్గరికి వచ్చేసరికి పరబ్రహ్మం గారి ముఖం కందగడ్డయింది. లేచి దగ్గరికి వెళ్లి అసలు చూశారు, నకలు చూశారు. “బొట్టు లేదు! ముక్కుపుడక మాయం! వంకాయల స్థానంలో గుర్తు తెలియని పదార్థం! ఇది నకలు కాదు భ్రమరాంబ గారూ, మోసం! అసలుని ఇంత దారుణంగా వక్రీకరించిన మనిషిని నేనెక్కడా చూడలేదు. ఒక్కదాని మీద కూడా సంతకం పెట్టను. పెట్టనంటే పెట్టను!”

“సార్, కాస్త ఆలోచించండి,” అంది భ్రమరాంబ. అనకపోతే బాగోదని అంది. లోపల మాత్రం దేవుళ్లందరికీ దణ్ణాలు పెట్టుకుంటోంది.

ఆ విధంగా ప్రదర్శన ప్రారంభమైంది. అసళ్లకు ముద్ర అక్కరలేదు కాబట్టి హాలు నిండా కోటిలింగం మాస్టారి అసళ్లు మెరిసిపోతున్నాయి. రిబ్బను కత్తిరించడానికి వచ్చిన ప్రజాప్రతినిధి ఒక చుట్టు తిరిగి వచ్చి మైకు పట్టుకున్నారు. “బెల్జియం ఎక్కడ, మన జిల్లా ఎక్కడ! అయినా అక్కడి తల్లి కూడా మన తల్లిలాగే బొట్టు పెట్టుకుని, మన వంకాయే తరుగుతోందంటే మానవజాతి అంతా ఒకటేనని ఈ కళాకారుడు నిరూపించాడు” అన్నారు. చప్పట్లు మోగాయి. మాస్టారు శాలువా కప్పించుకుని ముందు వరసలో కూర్చున్నాడు. తనదేమీ లేదన్నట్టు, తను కేవలం అసలు వేశానన్నట్టు, వినయంగా నవ్వాడు.

మరి ఆ నలభై? భ్రమరాంబ వాటిని పెట్టెలో సర్దేసే సమయానికి పరబ్రహ్మం గారు అడ్డుపడ్డారు. తిరస్కరించిన కాగితాలను నెలరోజుల పాటు నోటీసు బోర్డులో పెట్టాలి, ఎవరికైనా అభ్యంతరాలుంటే చెప్పుకోవడానికి. అది కూడా నిబంధనే; నోటీసు కింద పెట్టినది ప్రదర్శన కిందికి రాదట. దానితో చిత్రాలన్నీ, అద్దాలతో చట్రాలతో సహా, వసారాలో నోటీసు బోర్డుకు అటూ ఇటూ గోడ పొడుగునా ఎక్కాయి. పైన చిన్న చీటీ: ‘తిరస్కరించబడినవి. అభ్యంతరములు తెలుపవచ్చును.’ బదిలీల జాబితా పక్కన పడవలు, నీటిపన్ను హెచ్చరిక పక్కన చర్చి, మంచినీళ్ల కుండకు ఎదురుగా ముసలావిడ. ఆ వసారాలో పొద్దున ఉత్తరపు వెలుతురు మెత్తగా పడుతుంది. హాల్లోని ట్యూబులైట్ల కంటే అదే నయం. భ్రమరాంబ ఒక్కొక్క చట్రాన్నీ తనే మట్టం చూసి తగిలించింది.

సంతకాల కోసం గంటల తరబడి కూర్చునేవాళ్లకు చూడడానికి అంతకు ముందు ఎదుటివాళ్ల వీపులు తప్ప ఏమీ ఉండేవి కావు. ఇప్పుడు బొమ్మలు చూడడం మొదలుపెట్టారు. వేరే పనేముంది? ముందు ఊసుపోక చూశారు, తర్వాత చూడాలని చూశారు. వితంతు పింఛను కాగితాల కోసం మూడో వారం తిరుగుతున్న మంగాయమ్మ అనే ఆవిడ, ముసలావిడ చిత్రం ముందే చోటు చూసుకుని కూర్చునేది. ఒకరోజు భ్రమరాంబను ఆపి, “ఈవిడకీ సంతకం అవ్వలేదాండీ?” అని అడిగింది.

“అవ్వలేదమ్మా. ఇక అవ్వదు.”

“అయ్యో పాపం. అందుకే అలా తల దించేసుకుని పనిలో పడిపోయింది,” అంది మంగాయమ్మ. ఆ మాటకు భ్రమరాంబ గదిలోకి వెళ్లి తలుపేసుకుని కాసేపు నవ్వుకుంది, కాసేపు ఊరికే కూర్చుంది.

నెల ఇంకా పూర్తి కాకుండానే ఢిల్లీ నుంచి ఫోను వచ్చింది. డెమాల్ గారు భారతదేశం చూడడానికి వచ్చారట. తన చిత్రాలు ఇంత దూరం వచ్చాయని తెలిసి, ఆ ఊరు చూస్తానని పట్టుబట్టారట. రేపే వస్తున్నారట.

భ్రమరాంబ ఆ రాత్రంతా ఏం చెప్పాలో వరస చూసుకుంది. ఏదీ కుదరలేదు. మర్నాడు పొద్దున కారులోంచి పొడుగాటి, సన్నటి ముసలాయన కర్ర పట్టుకుని దిగాడు. ఆయనకు ఇంగ్లీషు అంతంత మాత్రం. గుమ్మంలోనే పరబ్రహ్మం గారు పూలదండతో నిలబడి ఉన్నారు. దండ వేశారు, రెండు చేతులూ జోడించారు. తర్వాత, “పాస్‌పోర్టు నకలు?” అన్నారు.

డెమాల్ గారు కోటు జేబులోంచి పాస్‌పోర్టు తీసి ఇచ్చారు.

“ఇది అసలు కదా. దీని నకలు, గజిటెడ్ అధికారి సంతకంతో కావాలి. విదేశీయులు హాల్లోకి వెళ్లాలంటే ఫైల్లో ఉండి తీరాలి.”

“సార్, అసలు పాస్‌పోర్టు మీ చేతిలో ఉంది. అసలు మనిషి మీ ఎదురుగా ఉన్నాడు. ఇంకా నకలెందుకండీ?” భ్రమరాంబకు ఇన్నాళ్లలో మొదటిసారి గొంతు పైకి లేచింది.

“మీరే చెప్పండమ్మా, ఫైల్లో ఏం పెట్టుకోను? మనిషిని పెట్టుకోలేను కదా! ఆ జిరాక్సు దుకాణానికి పంపించి ఒక నకలు తీయించండి, నేనే ఇప్పటికిప్పుడు సంతకం పెడతాను. ఆయన నాకు దేవుడితో సమానం.”

దుకాణానికి వెళ్లిన గవర్రాజు ఉత్తచేతులతో తిరిగి వచ్చాడు. “కరెంటు లేదండి ఆయ్. మధ్యాహ్నందాకా రాదంటండి.”

చేసేది లేక భ్రమరాంబ పెద్దాయనను వసారాలో బెంచీ మీద కూర్చోబెట్టింది. మంగాయమ్మ కొంచెం జరిగి చోటిచ్చింది. ఆయన కర్ర పక్కన పెట్టుకుని తలెత్తేసరికి ఎదురుగా వాళ్లమ్మ. చుట్టూ పడవలు, మంచు వీధి, చర్చి, నలభై ఏళ్ల పని. ఆయన బెంచీ మీదున్న జనం వైపు చూశారు. పింఛను పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని, చదివి చదివి బట్టీ వచ్చిన నోటీసుల్ని వదిలేసి వాళ్లంతా ఆయన బొమ్మల్నే చూస్తున్నారు. ఆయన లేచి, ముసలావిడ చిత్రానికి దగ్గరగా వెళ్లి, కళ్లజోడు పైకి తోసుకుని, అంగుళం అంగుళం చూసుకున్నారు.

“శుభ్రంగా ఉంది,” అన్నారు వచ్చీరాని ఇంగ్లీషులో.

“చూసుకోమన్నారు కదండీ,” అంది భ్రమరాంబ. ఆ ఒక్క మాటతో ఆవిడకు ఇన్నాళ్ల అలసట దిగిపోయింది.

ఆయన మళ్లీ కూర్చుని, లోపలికి ఎందుకు వెళ్లనివ్వడం లేదో ఇంకోసారి అడిగి తెలుసుకున్నారు. ఆవిడ చెప్పింది. ఆయన నకలు ఒకటి ఫైల్లోకి కావాలట. ఆయనకు చటుక్కున నవ్వు వచ్చింది. చిన్న కాగితం, పెన్సిలు తీసి మోకాలి మీద పెట్టుకున్నారు. ఎదురుగా కిటికీ అద్దంలో తన ముఖం చూసుకుంటూ నాలుగు గీతలు గీశారు. ముడతలు, పొడుగు ముక్కు, మెడలో పూలదండ. బెంచీ మీది జనమంతా మూగి చూశారు. కింద పెన్సిల్‌తోనే సంతకం పెట్టి గవర్రాజు చేతికిచ్చారు.

పరబ్రహ్మం గారు కాగితం పట్టుకుని స్వయంగా బయటికి వచ్చారు. ముఖం చూశారు, కాగితం చూశారు. ముక్కు చూశారు, ముక్కు చూశారు. దండలో పూలు కూడా లెక్కపెట్టారేమో తెలియదు. ఆయన కళ్లలో అంతవరకూ ఎవరూ చూడని తృప్తి కనిపించింది. అక్కడే నిలబడి, గవర్రాజు వీపును బల్లగా చేసుకుని, ముద్ర కొట్టి, పచ్చసిరాతో ‘అసలుతో సరిచూడడమైనది’ అని రాసి సంతకం పెట్టారు. ఆ హడావిడిలో కలం కక్కి ఆయన అరచెయ్యంతా పచ్చసిరా అయింది.

“చూశారా భ్రమరాంబ గారూ? అసలు ఎదురుగా ఉంటే నిమిషం పట్టలేదు! నేనేమన్నా కఠినుడినా?” ఆయన గోడ మీది ముసలావిడకేసి చూపిస్తూ నిట్టూర్చారు. “అప్పుడే ఈయన వాళ్లమ్మగారిని కూడా వెంటబెట్టుకుని వచ్చి ఉంటే ఎంత బాగుండేది! ఈ పాట్లన్నీ ఉండేవి కావు.”

పెద్దాయన భ్రమరాంబ ముఖంలోకి చూశారు. “ఏమంటున్నారు?”

భ్రమరాంబ ఏదైనా మార్చి చెబుదామా అనుకుంది. మార్చవలసిందేమీ ఆవిడకు కనిపించలేదు.

“మీ అమ్మగారు కూడా మీతో వచ్చి ఉంటే ఎంత బాగుండేదో అంటున్నారండి.”

డెమాల్ గారు కర్ర లేకుండానే లేచి నిలబడ్డారు. పరబ్రహ్మం గారి చేతిని, ఇంకా తడి ఆరని పచ్చసిరాతో సహా, తన రెండు చేతుల్లోకి తీసుకున్నారు. ఆయన కళ్ల నిండా నీళ్లున్నాయి.

“ఢిల్లీలో అందరూ నా గీతల గురించే మాట్లాడారు,” అన్నారు ఆగి ఆగి. “మా అమ్మను రమ్మన్నవారు ఈయన ఒక్కరే.”

భ్రమరాంబ అది తెలుగులో చెప్పింది. మంగాయమ్మ పైట చెంగుతో కళ్లొత్తుకుంది. పరబ్రహ్మం గారు గుమ్మం తలుపు బార్లా తీయించి, “ఇక లోపలికి దయచేయమనండి. అసళ్లు చూద్దురు గాని” అన్నారు.

పెద్దాయన వద్దన్నట్టు తలూపి మళ్లీ బెంచీ మీద, వాళ్లమ్మ ఎదురుగా, మంగాయమ్మ పక్కన కూర్చున్నారు. ఆయన అరచేతులు రెండూ పచ్చగా ఉన్నాయి. వాటిని ఒళ్లో జాగ్రత్తగా వెల్లకిలా పెట్టుకున్నారు, దేనికీ తగలకుండా.

పరబ్రహ్మం గారు చాలాసేపు గుమ్మంలోనే నిలబడిపోయారు. తర్వాత గొంతు సవరించుకుని, “నిబంధన పాటించే ఆఫీసరంటే పైదేశాల్లో ఎంత గౌరవమో చూశారా?” అని, కలం మూత బిగించి, “ఊఁ, తర్వాత ఎవరు? అసలు తెచ్చారా?” అన్నారు.